గాలం కథ – 7: ఈక చూపించి కొమ్ముకోనేన్ని పిలిచినవాళ్లు

పెనుకొండ దగ్గరి ఎర్రమంచి నుంచి తూర్పుకు పోయినా పడమరకు పోయినా సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊరి పేరు కొరియా దాకా పాకింది గానీ, ఉప్పుగాలి మాత్రం ఈ దిక్కుకు రాలేదు. ఇక్కడ గాలం అంటే చెరువు గాలమే. మంచి వాన పడి మరవ పారిన నాడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చెరువు కట్టల మీద వెదురు కర్ర, తంగూసు, చిప్పలో వానపాములు పెట్టుకుని కూర్చునే జనం కనిపిస్తారు. కొర్రమీనో మట్టగిడసో పడితే ఆ పూట కూర. పడకపోతే కబుర్లు.

పోయిన భాగంలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్‌ను ఇలాంటి చెరువు గట్టు మీదే వదిలిపెట్టాం. 1887లో ఆయన ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని అచ్చంగా చెరువు గాలానికే ఒక పుస్తకం రాశాడు. ఈసారి కట్ట దిగి సముద్రం మీదికి పోతున్నాం. అదీ ఒడ్డు పక్కకు కాదు, నీళ్లు నీలం నుంచి నలుపుకు తిరిగే చోటికి. అక్కడ తిరిగే కొమ్ముకోనెం, సూర, మొత్త, పార లాంటి పెద్ద చేపలను నాలుగు ఈకలు చుట్టిన కొక్కెం చూపించి పట్టే ఆట ఒకటుంది. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఆ విద్య పుట్టింది చల్లటి ఏళ్ల దగ్గర, సముద్రం మీద నిలదొక్కుకున్నది అమెరికాలో. అయినా దాని కథలో విశాఖ జాలర్లకు ఒక వాటా ఉంది, అది చిన్నది కాదు.

ముందు ఆట తీరు చెప్పుకోవాలి. మామూలు గాలంలో బరువు ఎరకో సీసపు గుండుకో ఉంటుంది. విసిరితే తంగూసు దాని వెంట పరుగెత్తుతుంది. ఫ్లై ఎరకు బరువే ఉండదు. ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు కొక్కేనికి దారంతో చుట్టిన బొమ్మ అది. చేత్తో విసిరితే గాలికి తిరిగి మొహం మీదికే వస్తుంది. అందుకని బరువంతా దారానికే ఎక్కించారు. ప్లాస్టిక్ పూత పూసిన ఆ లావుపాటి దారాన్ని తొమ్మిదడుగుల రాడ్డుతో చెర్నాకోల ఝళిపించినట్టు వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే, అది మెలిక విప్పుకుంటూ పోయి కొసనున్న ఈకను నీళ్ల మీద దింపుతుంది. ఏట్లో మోకాటిలోతున నిలబడి అరకిలో చేప కోసం చేసేటప్పుడు ఇది చూడ్డానికి ఎంతో సొగసుగా ఉంటుంది. క్రీస్తుశకం 200 ప్రాంతంలోనే రోమన్ రచయిత ఈలియన్ ఈ సంగతి రాసిపెట్టాడు: మాసిడోనియాలో ఒక నది దగ్గర జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు కింది ఈకలు రెండు కట్టి చేపలు పడతారని. అక్కడి నుంచి దాదాపు పదిహేడు వందల ఏళ్లపాటు ఈ విద్య ముప్పాతిక మూడొంతులు మంచినీటి విద్యగానే ఉండిపోయింది.

సముద్రంలో లెక్కలన్నీ మారిపోతాయి.

గాలి ఆగదు, పడవ నిలవదు. చేప పురుగును కాదు, సాటి చేపను తింటుంది. కాబట్టి ఈక కూడా ఈగలా కాకుండా జానెడు చేపపిల్లలా కదలాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు చేప పరుగు. కొక్కెం దిగిన సూర ఒక్క ఊపులో రెండు వందల గజాలు లాక్కుపోగలదు. ఫ్లై దారం పొడవు చూస్తే ముప్ఫై గజాల చిల్లర. మిగతాదంతా రీలులో దాని కింద చుట్టిపెట్టిన సన్నటి గట్టి దారం. రీలు బ్రేకు మొరాయిస్తే చేప పోతుంది, గిర్రున తిరిగే పిడికి అడ్డుపడిన వేళ్లూ పచ్చడవుతాయి.

ఇవి చాలవన్నట్టు ఆటగాళ్లు తమకు తామే ఇంకో ముడి వేసుకున్నారు. ఈకకూ దారానికీ మధ్యన ఉండే సన్న ముక్క ఎంత లాగుడుకు తెగాలో ముందే తేల్చుకుంటారు. రికార్డు పుస్తకం ఒప్పుకునే గరిష్ఠ తరగతి 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు. ఆ ముక్క కనీసం 15 అంగుళాలు ఉండాలి. చేప పళ్లకు కొరుక్కుపోకుండా ఈక దగ్గర లావు తంగూసు కట్టుకోవచ్చు గానీ అది 12 అంగుళాలు దాటకూడదు. వేట మధ్యలో ఇంకొకరు రాడ్డు ముట్టుకుంటే ఆ చేప లెక్కలోకి రాదు. 9 కిలోలకు తెగే పోగుతో 60, 70 కిలోల చేపను ఆపాలంటే కండబలం అడ్డమే తప్ప సాయం కాదు. చేప ఎటు తిరిగితే అటు రాడ్డు వంచుతూ, గంటల తరబడి దాన్ని అలవగొట్టాలి.

ఇదంతా చేపకు కొక్కెం దిగాక. అసలు ఆ నడిసముద్రంలో చేప ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఈక పడేది మహా అయితే ఇరవై ముప్ఫై గజాల దూరంలో. కొమ్ముకోనెం అంత దగ్గరికి వచ్చి, ఎండు ఈకను చూసి నోరు తెరవడం ఎందుకు జరుగుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టింది ఫ్లోరిడాకు చెందిన వెబ్‌స్టర్ రాబిన్సన్ అనే డాక్టరు. ఆయనకు తోడు భార్య హెలెన్, పడవ కెప్టెన్ లెఫ్టీ రీగన్. ముగ్గురూ కలిసి తయారుచేసిన ఎత్తు ఇది. కొక్కెం లేని చేపముక్క ఒకటి పడవ వెనక నీళ్ల మీద ఈడ్చుకుపోతారు. తెరచాపలాంటి వెన్నురెక్క ఉన్న కొమ్ముకోనెం, అంటే సెయిల్‌ఫిష్, దాన్ని చూసి పైకి లేచి ముక్కుతో కొడుతుంది. నోట పెట్టుకోబోయేసరికి హెలెన్ చటుక్కున లాగేస్తుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ లాగేస్తుంది. నాలుగైదు సార్లు ఇలా ఊరించేసరికి చేపకు కసి పుట్టి ఒళ్లంతా నీలం చారలతో వెలుగుతుంది. ఆ రంగు చూసి దాన్ని అలాగే పడవ దగ్గరికి రప్పిస్తారు. అప్పుడు కెప్టెన్ ఇంజను గేరు తీసేస్తాడు, హెలెన్ చేపముక్కను గాల్లోకి ఎగరేసి మాయం చేస్తుంది, డాక్టరు సరిగ్గా అదే చోట ఈకను దింపుతాడు. కోపం మీదున్న చేపకు అసలుకూ నకిలీకీ తేడా చూసే తీరిక ఉండదు. 1962లో పనామా పసిఫిక్ తీరంలోని పీన్యాస్ అఖాతంలో రాబిన్సన్ ఇలాగే సెయిల్‌ఫిష్‌ను ఫ్లై రాడ్డు మీద పట్టాడు. కదిలే పడవ ఈకను ఈడ్చుకుపోతే అది విసరడం కాదు గదా, అందుకని ఇంజను గేరులో లేనప్పుడే ఈక వేయాలన్నది తరవాత నియమంగా నిలిచిపోయింది.

ఈ ఘనత రాబిన్సన్ ఒక్కడి ఖాతాలో వేయడం అలవాటైపోయింది. పని వరస చూస్తే సగానికి పైగా హెలెన్ చేతిలోనే ఉంది. చేప ఆకలిని, కోపాన్ని, పడవ వేగాన్ని ఒకేసారి కనిపెడుతూ ఎరను ఏ క్షణాన లాగాలో తెలియకపోతే డాక్టరు ఈక ఉత్త నీళ్ల మీదే పడేది.

ఊరించి పిచ్చెక్కించే ఈ పద్ధతి మన దేశంలో కొత్తదేమీ కాదు. లక్షద్వీప్‌లోని మినీకాయ్ దీవివాళ్లు బతికున్న చిన్నచేపలను గుప్పిళ్లతో సముద్రంలోకి చల్లి, పడవ పక్కన నీళ్లు చిమ్ముతారు. సూర గుంపు పైకి వచ్చి కనబడ్డదల్లా కొరకడం మొదలుపెడుతుంది. అప్పుడు గెడకర్రకు కట్టిన, ముల్లు లేని మెరిసే కొక్కేలు దించితే ఎర లేకుండానే చేప పట్టుకుంటుంది. గెడ ఒక్క ఊపు ఊపితే చేప పడవలో పడుతుంది, ముల్లు లేదు కాబట్టి దానంతటదే ఊడిపోతుంది. తేడా ఒక్కటే: వాళ్లకు ఆ పూట మాస్ అనే ఎండుచేప చేసుకోవడానికి చేపలు కావాలి, డాక్టరుకు ఒక్క చేప చాలు.

రాబిన్సన్ దారి తెరిచాక జనం వరస కట్టారు. 1965లో న్యూజెర్సీలో ఉప్పునీటి ఫ్లై రాడ్డువాళ్లు సొంత సంఘం పెట్టుకుని రికార్డులు రాయడం మొదలుపెట్టారు. 1967లో అమెరికన్ ఆటగాడు లీ వుల్ఫ్ ఈక్వడార్ తీరంలో కెమెరాల ముందు 148 పౌండ్ల చారల మార్లిన్‌ను పట్టాడు. సుమారు 67 కిలోల చేప, 12 పౌండ్లకు తెగే పోగు. 1939లో పుట్టిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం 1978లో ఫ్లై రికార్డులను కూడా తన పుస్తకంలోకి తీసుకుంది. 1982లో బిల్లీ పేట్ ఫ్లోరిడాలోని హోమోసాసా దగ్గర 188 పౌండ్ల టార్పన్‌ను పడితే, అదే ప్రాంతంలో 200 పౌండ్ల గీత దాటడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది జిమ్ హాలండ్ జూనియర్ పట్టినది 202 పౌండ్ల పైచిలుకు. ఆ టార్పన్‌కు చిన్నతమ్ముడి వరస చేప ఒకటి మన గోదావరి, కృష్ణా మొగల్లోనూ ఉంది. అలాగే నీటి మీదికి వచ్చి గాలి మింగుతుంది, అలాగే గాలానికి ఎగిరెగిరి పడుతుంది. కాకపోతే దాని మీద ఎవరూ పందెం కట్టలేదు.

ఈ వరసలో ఈక కట్టే పనికి గురువు లెఫ్టీ క్రే. ఆయన 1950ల చివర్లో చెసపీక్ అఖాతం కోసం కట్టిన ‘లెఫ్టీస్ డిసీవర్’ అనే ఈక ఎర ఎంత పేరు తెచ్చుకుందంటే, 1991లో అమెరికా తపాలా శాఖ దాన్ని 29 సెంట్ల స్టాంపు మీద వేసింది. తోకకు కోడిపుంజు ఈకలు, ముందు జింక తోక వెంట్రుకలు, పైన వీపు రంగు కోసం నెమలి పింఛం పోగులు. చేపపిల్ల వీపు మీద ఉండే ఆకుపచ్చ నలుపు మెరుపు నెమలి పోగుకు వచ్చినట్టు మరి దేనికీ రాదని ఈక కట్టేవాళ్లు అంటారు.

నెమలి మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. ఇంగ్లండు, అమెరికా ఫ్లై పెట్టెల్లో ఒకప్పుడు మన దేశపు సరుకు బోలెడంత ఉండేది. కోడిపుంజు మెడ తోళ్లు ఇక్కడి నుంచి కట్టలు కట్టలుగా పోయేవి. దక్షిణాది అడవికోడి మెడ ఈకల చివర మైనం అద్దినట్టు మెరిసే చుక్కలు ఉంటాయి. విక్టోరియా కాలపు సాల్మన్ ఫ్లైలలో కంటి గుర్తుకు ఆ చుక్కే కావాలి. దాని కోసం ఎన్ని అడవికోళ్లు పోయాయో ఎవరూ లెక్క కట్టలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట నేరమైంది. ఇప్పుడు బ్రిటన్‌లో పెంచుకున్న పక్షుల ఈకలే అంగళ్లకు వస్తున్నాయి. రాడ్డు సంగతీ అంతే. చైనా టాంకిన్ వెదురు రాకముందు 19వ శతాబ్దంలో అమెరికన్ పనివాళ్లు చీల్చి అతికించి రాడ్లు చేసింది ‘కలకత్తా కేన్’ అని పిలిచిన మన వెదురుతోనే. తరవాత 1938లో ద్యూపాంట్ కంపెనీ ప్రకటించిన నైలాన్, యుద్ధం తరవాతి ఫైబర్‌గ్లాస్, 1970ల కార్బన్ రాడ్లు వచ్చి ఆటను సముద్రానికి తట్టుకునేలా చేశాయి. అదే నైలాన్ తంగూసుగా మారి ధర్మవరం చెరువు కట్ట దాకా వచ్చింది.

ఇక విశాఖ వాటా.

1781లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు తమ్ముడు క్లాడ్ వెంట విశాఖపట్నం చేరాడు. తమ్ముడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అన్న అప్పటికే పేరున్న వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ఏళ్ల తరబడి ఉండి, 1760 నుంచి 1762 దాకా అక్కడ చెలరేగిన ప్లేగును దగ్గరుండి చూసి, ఆ తరవాత దాని మీద పెద్ద గ్రంథమే రాసినవాడు. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో చనిపోతే, మద్రాసు ప్రాంతానికి కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పని రస్సెల్‌కు దక్కింది. సీమ రైతుకు ఆయన పేరు వేరే దారిలో తెలిసి ఉండాలి. వేరుశనగ చేలో కాలికింద బుసకొట్టే పొడపామును ప్రపంచమంతా ‘రస్సెల్స్ వైపర్’ అంటోంది ఈయన పేరు మీదే. 1796లో అచ్చయిన ఆయన పాముల పుస్తకంలో దానికి రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’.

పాములకు చేసినట్టే చేపలకూ చేశాడు. విశాఖ ఒడ్డున జాలర్లు తెచ్చిన చేపలను ఒక్కొక్కటీ చూసి, కొలిచి, ముళ్లు లెక్కపెట్టి, బొమ్మలు గీయించి, ఇక్కడి వాళ్లు దాన్ని ఏమంటారో అడిగి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1789లో స్వదేశం వెళ్లాక, 1803లో ఈస్టిండియా కంపెనీ ఖర్చుతో లండన్‌లో రెండు సంపుటాలుగా ఆ పుస్తకం వచ్చింది: విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు. రెండేళ్లకే ఆయన పోయాడు.

ఆ పుస్తకం తిరగేస్తే చేపల రేవులో పొద్దున్నే వేలంపాట విన్నట్టు ఉంటుంది. కనగుర్త, కోనెం, పెద్ద మొత్త, వాల, మాగ, నల్ల చందువ, పండుమీను, పాలబొంత, తోలుపార. రస్సెల్ చెవికి పడ్డ తీరు వేరు కాబట్టి అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి గానీ, గంగపుత్రుడెవరికైనా ఇప్పటికీ ఇట్టే అర్థమయ్యే పేర్లు అవి. ఆయన కాలపు యూరప్ పండితులు చాలామంది దేశవాళీ పేర్లను పామరుల మాటలని పక్కన పెట్టేవాళ్లు. రస్సెల్ వాటినే బొమ్మలకు తలకట్టు చేశాడు. అలెప్పోలో ఎన్నో ఏళ్లు ఇతరుల భాష మధ్య బతికిన మనిషి కాబట్టి ఆ వినయం అబ్బిందేమో.

ఈ పుస్తకం పారిస్‌లో జార్జ్ కువియే బల్ల మీదికి చేరింది. ఆ కాలంలో ప్రపంచపు చేపలన్నిటికీ ఒక క్రమం తెస్తున్న మనిషి ఆయన. భారతదేశం ముఖం చూడనివాడు. రస్సెల్ బొమ్మలు చూసి కొత్త జాతులకు పేర్లు పెట్టేటప్పుడు కువియే ఆ తెలుగు మాటలనే ఎత్తి లాటిన్‌లో దించాడు. 1816లో కనగుర్త ‘స్కాంబర్ కనగుర్త’ అయింది. ఇప్పుడది ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్త’. ఎర్ర సముద్రం నుంచి ఇండోనేషియా దాకా ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఆ చేపను పిలిచేది మన మాటతోనే. 1829లో ఒక పెద్ద బారకూడాకు రస్సెల్ రాసుకున్న ‘జెల్లో’ పేరు పెట్టాడు: ‘స్ఫైరీనా జెల్లో’. ఇది ఈక గాలంవాళ్లకు బాగా పరిచయమున్న చేప, దాని పళ్లకు భయపడే తంగూసు బదులు తీగ కడతారు. అరేబియా తీరంలో, ఆస్ట్రేలియాలో ఫ్లై రాడ్డుకు ఎగబడే క్వీన్‌ఫిష్ కుటుంబంలో ‘స్కాంబరాయిడీస్ టోల్’ అని ఒకటుంది. అందులోని ‘టోల్’ మన తోలుపార ముక్కే. నాలుగు మీసాల మాగకు 1804లో బ్రిటిష్ మ్యూజియం పండితుడు జార్జ్ షా పెట్టిన పేరుకు కూడా రస్సెల్ బొమ్మే ఆధారం. రస్సెల్ పేరు మీద కూడా చేపలున్నాయి. డచ్ చేపల పండితుడు బ్లీకర్ 1849లో పేరుపెట్టిన ‘లుట్జానస్ రస్సెలి’ వాటిలో ఒకటి.

అన్ని తెలుగు పేర్లూ నిలబడలేదు. చేపల పేర్లలో నియమం కఠినం, ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది. కువియే 1829లో మొత్తకు ‘ఎలకేట్ మొత్త’ అని పేరు పెట్టాడు. కానీ ఆ చేపకు లిన్నేయస్ 1766లోనే పేరు పెట్టేశాడు, అమెరికాలోని కరోలినా నుంచి వచ్చిన చేపను చూసి. దాంతో మొత్త ఇప్పుడు ‘రాకీసెంట్రన్ కెనడమ్’. చేప వచ్చింది కరోలినా నుంచైతే పేరు మాత్రం కెనడా వాసన కొడుతుంది! కోబియా అని ఆటగాళ్లు పిలిచేది దీన్నే. పెద్ద టెంకి చేపల కింద, తిమింగల సొరల నీడలో ఈదే అలవాటు దీనిది. ఫ్లై వేసేవాళ్లు ముందు టెంకి కోసం వెతికి, దాని పక్కన ఈక వేస్తారు. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో మన దేశంలో మొదటిసారి దీని పిల్లలను పొదిగించింది.

కోనేనిది ఇంకా దురదృష్టం. ఫ్రాన్స్‌లో లాసెపేడ్ అనే పండితుడు ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిబెర్ కామర్సన్ వదిలివెళ్లిన కాగితాలు చూసి 1800లో ఆ చేపకు కామర్సన్ పేరు పెట్టేశాడు. రస్సెల్ పుస్తకం మూడేళ్లు ఆలస్యం. గెలిచిన పేరు మ్యూజియం సీసాల మీద ఉంది. ఓడిన పేరుతో విశాఖ రేవులో రోజూ బేరాలు జరుగుతున్నాయి.

రస్సెల్‌కు చేపను గాలంతో ఆడించే సరదా ఉన్నట్టు ఆ పుస్తకంలో కనబడదు. ఆ సరదా ఉన్నవాడు మన పాత థామస్. దక్షిణ కెనరా కలెక్టరుగా పనిచేసిన ఆయన 1873లో మంగుళూరులో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అచ్చేశాడు. దాని కథానాయకుడు కొండవాగుల మహసీరే అయినా, ఏటి మొగల్లో ఉప్పూ తీపీ కలిసే నీళ్లలో దొరికే చేపలను కూడా వదల్లేదు. పడమటి తీరంలో బామీను అనే మాగ ఆయనకు ఇష్టమైన వాటిలో ఒకటి. రస్సెల్ కత్తెర, కొలబద్దలతో చూసిన చేపను థామస్ రాడ్డు చివర చూశాడు.

పాలబొంత కథ మాత్రం తిరిగి మన వైపే వస్తుంది. వెండిలా తెల్లగా, చీలిన పెద్ద తోకతో ఉండే ఈ చేపకు పళ్లుండవు. తినేది నాచు, నీటిలో తేలే సన్న జీవాలు. సముద్రంలో పుట్టినా మంచినీటిలో హాయిగా పెరుగుతుంది. హైదర్ అలీ దీన్ని కెనరా చెరువుల్లో వేయించాడని 19వ శతాబ్దపు చేపల గ్రంథాలు చెబుతాయి. ఆ హైదరే 1761లో సిరాను పట్టి, ఆ దశకంలోనే పెనుకొండనూ తన ఏలుబడిలోకి తెచ్చుకున్నాడు. 1776లో గుత్తి కోట కూడా ఆయన చేతికి వచ్చింది. తరవాత నిజాం చేతుల మీదుగా 1800లో ఈ దత్తమండలాలు కంపెనీకి పోయాయి. ఫిరంగులూ గుర్రాలూ లెక్కపెట్టుకునే పాలకుడు చెరువులో సముద్రపు చేప వేయించాలని ఆలోచించడం ముచ్చటైన సంగతి.  ఆ చేపను చెరువులకు తేవడం అంత తేలికా కాదు: అది మంచినీటిలో పెరుగుతుందే గానీ గుడ్లు పెట్టదు, పిల్లలను ఎప్పటికప్పుడు తీరం నుంచే పట్టి తేవాలి.

ఇవాళ సీషెల్స్ దీవుల్లో ఫ్లై ఆటగాళ్లు బంగారంలా చూసుకునే చేప ఇదే. నాచు తినే చేప ఈక ఎందుకు కొరుకుతుంది అని ఏళ్ల తరబడి తల పట్టుకున్నారు. చేపపిల్లలా కట్టిన ఎరలన్నిటినీ అది తోసేసి పోయింది. చివరికి ఆకుపచ్చటి నాచు ముద్దలాగా ఒక ఎర కట్టి, పాలబొంతలు నోరు తెరుచుకుని గుంపుగా మేసే ప్రవాహంలో దాన్ని కదపకుండా వదిలారు. ఊరించడం, కోపం తెప్పించడం ఇక్కడ పనికిరావు. రాబిన్సన్ విద్యకు ఇది పూర్తిగా తలకిందులు. కొక్కెం దిగాక మాత్రం సాధు చేప కాస్తా పిచ్చి గుర్రమవుతుంది. గంట దాటినా చేతికి చిక్కదు.

ఈకలూ నియమాలూ లేకుండా ఈ పెద్ద చేపలతోనే బతుకు సాగించే ఊరు మనకు ఒకటుంది. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని పూడిమడక. విశాఖ పరిసరాల్లో సముద్రగర్భం ఒడ్డు నుంచి కొద్ది దూరానికే లోతుకు జారిపోతుంది. అందుకే సూర, కొమ్ముకోనెం లాంటి లోతునీళ్ల చేపలు ఇక్కడి చిన్న పడవలకు అందే దూరంలో తిరుగుతాయి. ఒకప్పుడు తెప్ప మీద, ఇప్పుడు ఇంజను బిగించిన ఫైబర్ పడవ మీద నలుగురైదుగురు పోతారు. రాడ్డు లేదు, రీలు లేదు. తంగూసు చేతికే. బ్రేకు అంటే అరచేయి. కనగుర్తనో మరో చిన్నచేపనో గుచ్చిన గాలానికి పచ్చరెక్కల సూర తగిలితే, పడవలో మిగతావాళ్లు తంగూసు చుట్టలు కాళ్లకు తగలకుండా సర్దుతూ ఉండగా ఒకరు వదులుతూ లాగుతూ దాన్ని పైకి తేవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. అది ముగిసిన మొదటి వారాల్లో పెద్ద చేప పడుతుందని ఆశ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే.

2025 జూలైలో పూడిమడక నుంచి వేటకు పోయిన ఒక జాలరి అలాగే గల్లంతయ్యాడు. గాలానికి తగిలిన పెద్ద కొమ్ముకోనేన్ని పడవలోకి లాగుతుండగా అది ఒక్క గుంజు గుంజి మనిషిని నీళ్లలోకి లాక్కుపోయింది. ఆటగాళ్ల పుస్తకంలో అంతకంటే పెద్ద కథలున్నాయి. 1953 ఆగస్టు 4న పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన 1560 పౌండ్ల నల్ల మార్లిన్, అంటే 700 కిలోల పైమాట, నేటికీ రాడ్డు రికార్డే. కానీ గ్లాసెల్ కుర్చీకి పట్టీలతో బిగించుకుని కూర్చున్నాడు, పెద్ద పడవ చేప వెంట తిరిగింది. పూడిమడక పడవలో కుర్చీ ఎక్కడ పెడతారు? ఈక ఆటగాడికీ పూడిమడక జాలరికీ చేప పేరు ఒకటే, తంగూసు తయారయ్యే పదార్థం కూడా ఒకటే. తెగేలాగా కట్టుకున్న ముక్క మాత్రం ఒకరి దగ్గరే ఉంది. ఆటగాడు చేప గెలిచే అవకాశం కోసం పెట్టుకున్న ఆ సన్న పోగు నిజానికి ఆటగాడి ప్రాణాన్నీ కాపాడుతుంది. జాలరి తంగూసు తెగితే నష్టం, తెగకపోతే ముప్పు.

మన నీళ్లలో ఈక ఆట చూడాలంటే ఇప్పుడు అండమాన్ పోవాలి. బారెన్ దీవి చుట్టూ, ఇంకా దిగువన పగడపు దిబ్బల అంచుల్లో పెద్ద పారల కోసం విదేశీయులు, బెంగళూరు హైదరాబాదుల నుంచి వచ్చే మనవాళ్లు రాడ్లు పట్టుకుని దిగుతున్నారు. పారను పట్టి, ఫొటో తీసి, నీళ్లలో వదిలేస్తారు. అదే అండమాన్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవు ఉంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస పోయి అక్కడ స్థిరపడిన తెలుగు జాలరి కుటుంబాల వాడ అది. ఆటగాళ్లు వదిలేసిన పారే మరునాడు వాళ్ల వలకో గాలానికో తగలొచ్చు. అప్పుడు దానికి కిలో ధర ఉంటుంది.

వచ్చే భాగంలో ఫ్రాన్సిస్ డే: చేపల కోసం దేశమంతా తిరిగిన సైనిక వైద్యుడు. ఏళ్లలో తూటాలు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నిషేధించిన 1897 నాటి చట్టం వెనకున్న వాదులాట.

(సశేషం)